తొక్కకూడదని తూములో పోసిన నెయ్యి

మా అమ్మగారిని ప్రశ్న అడిగినవాళ్ళకి వెంటనే జవాబు దొరకదు. ముందు పని దొరుకుతుంది. పునర్జన్మ ఉందో లేదో తేల్చుకుందామని గుంటూరు నుంచి కారు కట్టించుకుని వచ్చిన ఒక ప్లీడరుగారు సాయంత్రందాకా మా వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీశారు. భక్తి గొప్పదా, జ్ఞానం గొప్పదా అని అడిగిన తెలుగు మేష్టారి చేత అటకమీది మూకుళ్ళన్నీ దింపించి, తోమించి, మళ్ళీ అటకెక్కించారు. వాళ్ళకి జవాబు దొరికిందో లేదో నాకు తెలియదు. సామాన్ల కొట్టు తాళంచెవులు నా దగ్గరుంటాయి కనక, ఆ ఏడు చింతపండు శుభ్రంగా ఉన్న మాట మాత్రం ఖాయంగా చెప్పగలను.

మాకందరికీ గురువైన ఈ అమ్మగారి పేరు పేరిందేవమ్మ. చీరాల దాటి సముద్రం వైపు పోతే జీడిమామిడి తోటల మధ్య మా ఆశ్రమం వస్తుంది. ఆశ్రమమంటే పెద్ద గోపురాలూ గంటలూ ఊహించుకోవద్దు. ఒక పెంకుటిల్లు, భోజనశాల, దానికి ఆనుకుని వంటిల్లు, అమ్మగారి గురువుగారి పాదుకలున్న చిన్న గది, అంతే. ఏడాదికోసారి ఆ గురువుగారి ఆరాధన జరుగుతుంది. ఆ రోజు మాత్రం చుట్టుపక్కల ఊళ్ళన్నీ మా భోజనశాలలోనే ఉంటాయి.

ఆరాధన రేపనగా పొద్దున్నే కనకవల్లి వచ్చింది. ఒంగోలులో పెద్ద ఉమ్మడి కుటుంబానికి పెద్ద కోడలు. ఏటా ఆరాధనకు ఇంటిల్లిపాదీ కలిసి వస్తారు. ఈసారి ఒక్కతే ఒకరోజు ముందు వచ్చింది, చేతిలో సంచికి బదులు పెట్టె ఉంది. ఆ పెట్టె చూడగానే నాకు విషయం సగం అర్థమైంది. అమ్మగారికి పాదాభివందనం చేసి, లేవకుండా అక్కడే నేలమీద కూర్చుని అడిగింది.

“అమ్మగారూ, కాపరానికి వచ్చినప్పట్నించీ ఆ ఇంట్లో నేను ఎవర్నీ ఒక్క మాట అన్లేదండీ. ఎవరేమన్నా దిగమింగాను. మా తోడికోడలు శేషు ఏం చేసినా నవ్వి ఊరుకున్నాను. ఓర్చుకోవటమే తపస్సని మీరే చెప్పారు గదా. మరి నాకు శాంతి ఎందుకు లేదండీ? ఇప్పుడు దాని గాజుల చప్పుడు వినపడితే చాలు, ఒళ్ళంతా కారం పూసినట్టుంటంది. నేనింక ఆ ఇంటికి పోను. మీరు ఊఁ అంటే ఇక్కడే ఓ మూల పడుంటాను.”

ఓర్పే తపస్సని అమ్మగారు అన్నట్టు నాకైతే గుర్తులేదు. శిష్యులు గురువులకి అంటగట్టే మాటలు బోలెడుంటాయి, ఇది అందులో ఒకటి అయ్యుంటుంది. ఇంతకీ ఏం జరిగిందమ్మా అని నేనే అడిగాను. శేషు ఉప్పు జాడీని పొయ్యి పక్క అరమీంచి తీసి కిటికీ దగ్గర అరలో పెట్టిందట. అంతే! ఉప్పు జాడీ కోసం సన్యాసం పుచ్చుకున్నవాళ్ళు ఏ పురాణంలోనూ తగల్లేదు. నవ్వొచ్చింది గాని నవ్వలేదు. ఆమె పెట్టె మీద చెయ్యి తీయకుండా కూర్చుంది. పైగా ఇది నవ్వులాట కాదు. పెద్ద కోడలు ఇక్కడ ఉండిపోతే ఆ ఇంట్లో పొయ్యి రెండవుతుంది. అన్నదమ్ములు ఇంతకాలం ఒక్క మాట మీద ఉన్నది ఆమె నవ్వి ఊరుకోబట్టేనని ఎరిగినవాళ్ళందరూ అంటారు. రేపు మధ్యాహ్నానికి శేషు, మరిది, కనకవల్లి భర్త అందరూ ఆరాధనకి వస్తారు. వాళ్ళ ముందు వస్తాననో రాననో ఏదో ఒకటి చెప్పాలి.

అమ్మగారు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“వంటింట్లో సింకులో నీళ్ళు పోవటంలేదంట. వంట భద్రయ్య తెల్లారినప్పట్నించీ గొణుగుతున్నాడు. అదేందో చూడమ్మా ముందు. చూసి, అందులో ఏముందో నాకొచ్చి చెప్పు,” అన్నారు.

కనకవల్లి మొహం చూస్తే నా ప్రాణం ఉసూరుమంది. ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన మనిషికి సింకు అప్పజెప్పారు. కానీ గురువు మాట గదా, కొంగు బిగించి లేచింది.

ఇక్కడ మా సింకు చరిత్ర కొంచెం చెప్పాలి. ఒకప్పుడు మాకు పెరట్లో గచ్చు ఉండేది, అంట్లన్నీ అక్కడే. తరవాత ఎవరో భక్తులు ముచ్చటపడి వంటింట్లో నల్లరాతి గట్టు కట్టించి, స్టీలు సింకు బిగించి, పైపు వేయించారు. ఆ పైపు భోజనశాల వసారా కిందుగా పోయి, చేతులు కడుక్కునే తొట్టి నీళ్ళను కూడా కలుపుకుని, వెనక ఇంకుడు గుంటలో పడుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. పాదుకల గదిలో పూజ చేసే అవధానిగారికి ఒక చిక్కు వచ్చింది. దీపం కుందుల్లో మిగిలిన నూనె మడ్డి, నైవేద్యం పెట్టిన నేతి గిన్నె కడిగిన నీళ్ళు, మహానివేదన బూరెలు వేయించాక మూకుట్లో మిగిలిన అడుగు నూనె, ఇవన్నీ దేవుడికి చెందినవి. చెత్తలో పారేయకూడదు. ఎవరూ తొక్కని చోట పోయాలి. పెరట్లో పోస్తే ఎవరో ఒకరు తొక్కుతారు, ఆవు తొక్కుతుంది. అవధానిగారు బాగా ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చారు: ఈ ఆవరణ మొత్తంలో మనిషి కాలు పడని చోటంటూ ఉంటే అది సింకు తూమొక్కటే.

ఆ రోజునుంచీ ఆ మడ్డీ ఆ నెయ్యీ భక్తిగా తూములో పడుతూ వచ్చాయి. ఊరికే పోయడం కూడా కాదు, కాసిని వేడినీళ్ళతో కలిపి, కళ్ళకద్దుకుని, నారాయణస్మరణ చేసి పోసేవారు. మా తూముకి జరిగినన్ని నైవేద్యాలు కొందరు దేవుళ్ళకి కూడా జరిగి ఉండవు. అవధానిగారు మంచివారు. ఆయన్ని వెక్కిరించాలని చెప్పటంలేదు. ఆయనలాంటి మంచివాళ్ళకే ఇలాంటి ఆలోచన వస్తుందని మాత్రం చెబుతున్నాను.

కనకవల్లి వెళ్ళేసరికి సింకు నిండా జిడ్డు తేలిన నీళ్ళు నిలిచి ఉన్నాయి. ప్లంబరు బావమరిది పెళ్ళికి పోయాడట, ఎల్లుండి గాని రాడట. భద్రయ్య గరిటె పట్టుకుని నిలబడి, “రేపు ఇన్ని వందల విస్తళ్ళ వంట. అంట్లన్నీ నా నెత్తిమీద కడుక్కోవాలా?” అని అందర్నీ సమానంగా తిడుతున్నాడు.

అవధానిగారు వచ్చి చూశారు. “జిడ్డే గదా. జిడ్డుకి వేడి విరుగుడు. నీళ్ళు మరగబెట్టండి,” అన్నారు. గుండిగెడు నీళ్ళు సలసలా కాగబెట్టారు. సింకులో నిలిచిన నీళ్ళని చెంబుతో తోడేసి, కాగిన నీళ్ళు మెల్లగా పోశారు. కాసేపు ఏమీ కాలేదు. తరవాత గొంతులో పొలమారినట్టు ఒక చప్పుడయ్యి, నీళ్ళు గిర్రున తిరిగి దిగిపోయాయి. భద్రయ్య గరిటె కిందపెట్టి దణ్ణం పెట్టాడు. అవధానిగారు ఉత్తరీయం సర్దుకున్నారు.

కనకవల్లి చేతులు తుడుచుకుంటూ అమ్మగారి దగ్గరికి వెళ్ళింది. ఆ నడకలో కొంచెం కోపం ఉంది. ‘పని అయింది, ఇప్పుడైనా నా సంగతి చెప్పండి’ అన్నట్టుంది.

“పోయిందండీ,” అంది.

“ఎక్కడికి?” అన్నారు అమ్మగారు.

కనకవల్లి జవాబు చెప్పేలోపే భోజనశాల వసారాలోంచి కేక వినబడింది. చేతులు కడుక్కునే తొట్టిలో, కింద ఉన్న చిల్లులోంచి నీళ్ళు పైకి ఉబికి వస్తున్నాయి. ఆ నీళ్ళమీద తెల్లటి తెట్టు, అందులో రెండు కాలిన ఒత్తులూ ఒక బూరె తునకా తేలుతున్నాయి. వంటింట్లో కరిగిన జిడ్డు కాస్త దూరం పోయి, నేల చల్లదనానికి మళ్ళీ పేరుకుని అక్కడ అడ్డం పడిందన్నమాట. ఇందాక ఒక్క సింకే పనికిరాకుండా ఉంది. ఇప్పుడు రేపు జనం చేతులు కడుక్కోవాల్సిన తొట్టి కూడా పోయింది.

ఇక తలా ఒక వైద్యం. ఒకరు వంటసోడా పోసి నిమ్మరసం పిండమన్నారు. కొట్టులో ఉన్న సోడా అంతా ఇచ్చాను. నురగ పొంగి చూడముచ్చటగా ఉంది, ఆ నురగ అణిగాక నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఇంకొకరు బజార్లో యాసిడ్ దొరుకుతుంది, తెచ్చి పోద్దామన్నారు. దానికి కనకవల్లే అడ్డం పడింది. “వద్దండీ. మా పక్కింటాయన అట్టాగే పోస్తే అది అడ్డం తగిలి ఎగదన్ని మొహాన పడింది. లోపల ఏముందో తెలీకుండా పైనుంచి ఏదో ఒకటి పోసేదేంది? అసలు ఏముందో చూద్దాం,” అంది.

ఆ మాట అన్నాక ఆమెలో ఏదో మారింది. అంతసేపూ తప్పదు గనక చేస్తున్న మనిషికి ఇప్పుడు నిజంగా తెలుసుకోవాలని పుట్టింది. భద్రయ్య చేతిలో గరిటె తీసుకుని, సింకు కిందికి దూరి, గోడ వెంబడి పైపుని తట్టడం మొదలుపెట్టింది. చెవి పైపుకి ఆనించి వింటుంది, ఇంకో జానెడు జరుగుతుంది, మళ్ళీ తడుతుంది. ఖాళీగా ఉన్నచోట పైపు టంగుమంటోంది. నిండిన చోట ముద్దపప్పు మీద కొట్టినట్టు పలుకుతోంది. నేను కూడా వెనకాలే వంగి విన్నాను. నా వయసులో అలా వంగడం మంచిది కాదు గాని, వినకుండా ఉండబుద్ధి కాలేదు.

సింకు కింద పైపు మెలిక తిరిగిన చోట మర ఉంది. దాని కింద బక్కెట్టు పెట్టి, గుడ్డ చుట్టి పట్టుకుని తిప్పింది. మెలిక ఊడి వచ్చింది. లోపల అరచేయంత ముద్ద. అది తీసేసినా ముందుకి దారి లేదు. పైపు నేలలోకి దిగిపోయింది. “ఈ దోవలో ఎక్కడో మూత ఉండాలండీ. పైపులు వేసినవాళ్ళు మూత పెట్టకుండా పోరు,” అంది. ఎంత వెతికినా మూత కనపడలేదు. చివరికి గరిటెతో వసారా నేలంతా తట్టుకుంటూ వెళ్ళి ఒక బండ దగ్గర ఆగింది. మూత బయటికి కనిపిస్తే అసహ్యంగా ఉంటుందని ఎవరో దానిమీద నాపరాయి పరిచేశారు. దానిమీద మేము ఏడాది పొడుగునా చక్కగా ముగ్గులు వేసుకుంటున్నాం.

గునపం తెచ్చి బండ ఎత్తాము. దాని కింద మూత, ఆ మూత కింద చిన్న గుంట. వాసన గురించి నేను రాయను, మీరు భోంచేసి ఉంటారు. ఇంకుడు గుంట వైపునుంచి వెదురు బద్ద జొనిపి నేనూ కనకవల్లీ కలిసి ముందుకీ వెనక్కీ ఆడించాం. అవధానిగారు మడి మర్చిపోయి పంచె ఎగ్గట్టి బద్ద చివర పట్టుకున్నారు. ఒక పెద్ద కదలిక వచ్చి, మోచేయి పొడుగున్న తెల్లటి దిమ్మ మూత కింది గుంటలోకి జారిపడింది. దాని వెనకాల ఆగిపోయిన నీళ్ళన్నీ హోరుమని వెళ్ళిపోయాయి. తొట్టీ ఖాళీ, సింకూ ఖాళీ.

అందరూ సంతోషంగా లేచి వెళ్ళారు. కనకవల్లి మాత్రం కదల్లేదు. ఆ దిమ్మని వెదురు బద్దతో పైకి లాక్కుని, అట్లకాడతో మధ్యకి కోసింది. పాత బట్టల సబ్బులా తెగింది. లోపల పొరలు పొరలుగా ఉంది. ఒక పొర పసుపు, ఒక పొర తెలుపు, మధ్య మధ్య ఒత్తుల నల్లటి చుక్కలు. ముక్కు మూసుకోవడం కూడా మర్చిపోయి, తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది.

అమ్మగారు కర్ర పోటేసుకుంటూ వచ్చి, పక్కనున్న పీటమీద కూర్చున్నారు.

“ఏముందమ్మా అందులో?”

“నెయ్యేనండీ. మంచి నెయ్యే. దేవుడికి పెట్టిందే.”

“నెయ్యి గట్టిగా ఇట్టా ఉంటదా?”

“పోసినప్పుడు ఇట్టా లేదుగాండీ. పోసినప్పుడు వెచ్చగా, నీళ్ళల్లే ఉంటది. పోతానే ఉన్నట్టు కనపడతది.”

“ఇందులో ఏ పొర ఏ రోజుదో చెప్పగలవా?”

కనకవల్లి అట్లకాడ మొనతో పొరలు లెక్కపెట్టబోయి మానేసింది. “చెప్పలేనండీ. చివర్న పడిన చుక్క ఏదో దానికే అడ్డం పడి ఉంటది. దాని తప్పేముంది, చుక్కే గదా,” అంది. ఉప్పు జాడీ సంగతి నాకు గుర్తొచ్చింది. ఆమెకు గుర్తొచ్చిందో లేదో ఆ క్షణాన తెలియలేదు.

ఇంతలో అవధానిగారు చేతులు కడుక్కుని వచ్చి నిలబడ్డారు. ఆయన మొహం చిన్నబోయి ఉంది. “అమ్మగారూ, తప్పు నాదే. కానీ నాకు దోవ చెప్పండి. రేపు మహానివేదన. గంపలకొద్దీ బూరెలు వేగుతాయి. ఆ నూనె, ఆ నెయ్యి నేనెక్కడ పొయ్యను? చెత్తలో వెయ్యలేను. తొక్కే చోట పొయ్యలేను. తూములో ఇంక పొయ్యకూడదు,” అన్నారు. నిజంగానే ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. 

అమ్మగారు కనకవల్లి వైపు తిరిగి, “మీ ఇంట్లో ఏం చేస్తారమ్మా?” అన్నారు.

“పోయిన మా అత్తగారు నేర్పిన పద్ధతేనండీ,” అంది కనకవల్లి. చేతిలో ఉన్నది కిందపెట్టి, తనకు బాగా తెలిసిన సంగతి గనక చకచకా చెప్పుకుపోయింది. “జిడ్డు గిన్నెకి ముందు నీళ్ళు తగలనియ్యరు. పొయ్యి మీంచి దించి, చెయ్యి పట్టేంత వేడిలో ఉండగానే, ఎండిన విస్తరాకు ముక్కతో లోపలంతా తుడిచేస్తారు. ఇంకా అంటుకుని ఉంటే కాస్త బూడిద చల్లి ఇంకోసారి తుడుస్తారు. అప్పుడే తోమటానికి వెయ్యాలి. మిగిలిన అడుగు నూనె డబ్బాలో వంచుతారు. మెతుకూ ముక్కా పోకుండా తూముకి జాలీ బిళ్ళ. ఆ జిడ్డాకులు నీళ్ళపొయ్యిలో వేస్తే భగ్గున అంటుకుంటాయి, కిరసనాయిలు కూడా అక్కర్లేదు. పెద్ద పనేం కాదండీ. గిన్నెకి ఒక్క ఆకు చాలు. కాకపోతే వెచ్చగా ఉన్నప్పుడే తుడవాల. ఆరిందా, ఇంక రాదు. అప్పటికప్పుడు కాస్తంత తుడుచుకుంటే...”

అక్కడ ఆగిపోయింది. మొహం ఎర్రబడి, తరవాత తెల్లబడింది. కోసిన దిమ్మ వంక ఒకసారి, తన చేతుల వంక ఒకసారి చూసుకుంది. ఆమె మనసులో ఏమవుతోందో నాకు తెలిసినట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. నేను మర్యాదగా జీడిమామిడి చెట్ల వైపు చూశాను.

“పొయ్యిలో వేస్తే ఎవరూ తొక్కరు గదా అవధానిగారూ,” అన్నారు అమ్మగారు. “అగ్నికి ఇచ్చిందేదీ తక్కువ కాదు.” అవధానిగారి మొహం వెలిగింది. ఆయన ఆ సాయంత్రమే ఎండు విస్తళ్ళు కట్టలు కట్టి గట్టు పక్కన పెట్టుకున్నారు. డబ్బాకి బొట్టు పెట్టి ఒక నూలుపోగు కూడా చుట్టారు. ఆయన్ని మార్చడం బ్రహ్మకి కూడా చేతకాదు. నాపరాయిని మళ్ళీ పరవకుండా, మూత బయటికే ఉండేలా పక్కన చుట్టూ ముగ్గు వేశారు.

కనకవల్లి తన ప్రశ్న మళ్ళీ అడగలేదు. అమ్మగారూ ఆ ఊసెత్తలేదు. పెట్టె మాత్రం వసారా మూల అలాగే ఉంది.

మర్నాడు ఆరాధన. జనం, పులిహోర, బూరెలు, ముద్దపప్పు, దాన్లో నెయ్యి. పంక్తులు లేచే వేళకి కనకవల్లి పెరట్లో, కుప్పపడిన గిన్నెల మధ్య కూర్చుని ఒక్కొక్క గిన్నెనీ ఆకుతో తుడిచి పక్కకి పెడుతోంది. శేషు వచ్చింది. నేను ఆమెను చూడటం మొదటిసారి కాదు. సందడి మనిషి, చేతినిండా గాజులు, నోటినిండా మాట. ఎవరి చేతిలో పనైనా తనే అందుకుని చేసేస్తుంది, అదే ప్రేమనుకుంటుంది. వస్తూనే, “లే అక్కా, నువ్వు లే! ఇట్టా తుడుస్తా కూర్చుంటే తెల్లారినట్టే. నీ వల్ల కాదు, ఇటియ్యి,” అని కనకవల్లి చేతిలో ఉన్న గరిటె లాగేసుకుంది.

కనకవల్లి మొహంమీదికి నవ్వు రాబోయింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ఏటా చూస్తున్నదే. కానీ ఈసారి అది సగంలో ఆగిపోయింది. ఆమె గొంతు సవరించుకుంది. మాట రావడానికి ఆమె పడిన కష్టం చూస్తే, ఆ గునపంతో బండ ఎత్తడం తేలిక అనిపించింది.

“శేషూ, చేతిలోది అట్టా లాక్కోవద్దే. నాకు బాగోదు,” అంది.

శేషు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “ఏందక్కా?”

“లాక్కుంటే నాకు బాగోదు. అడుగు, ఇస్తాను. ఆ ఉప్పు జాడీ కూడా. అడిగి మార్చాల్సింది.”

“ఉప్పు జాడీకా నువ్వు ఇల్లొదిలి వచ్చింది!” శేషు కళ్ళు పెద్దవయ్యాయి. “చెబితే నిమిషంలో వెనక్కి పెట్టేదాన్ని గదా! నేనేం చేసినా నువ్వు నవ్వుతానే ఉంటివి. నవ్వుతున్నావు గదా, అక్కకి ఇష్టమే అనుకుంటిని. నువ్వెందుకు పోయావో తెలీక, నిన్నట్నించీ నాకు ముద్ద దిగటంలేదు. బావగారు మాటాడ్డంలేదు. ఇంట్లో అందరూ నా వంకే చూస్తున్నారు. నేనేం తప్పు చేశానో నాకు ఒక్కరూ చెప్పరేందక్కా?” అని గిన్నెల మధ్య కూలబడి, జనం చూస్తున్నారని కూడా లేకుండా భోరున ఏడ్చింది.

కనకవల్లి జిడ్డుచేత్తోనే ఆమె తల నిమిరింది. నేను తాళంచెవులు వెతుక్కునే వంకతో మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాను. ముసలితనంలో ఇది మామూలే.

పొద్దువాలేముందు కనకవల్లి పెట్టె పట్టుకుని అమ్మగారి దగ్గరికి వచ్చింది. మొహం తేటగా ఉంది. పరీక్ష పాసయిన పిల్లలా కాస్త గర్వంగా కూడా ఉంది. వెనకాల శేషు నిలబడి ఉంది, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

“పోయొస్తానండీ,” అంది కనకవల్లి, వంగి పాదాలంటి. “మా ఇల్లు రెండు కాకుండా కాపాడారు. ఇంక మీదట మనసుకి ఏది తగిలినా దాచుకోను. అప్పటికప్పుడు, వెచ్చగా ఉండగానే శేషుకి చెప్పేస్తాను.”

ఆమె వెనకనుంచి శేషు ఏదో అనబోయింది. పెదవి కదిలింది గాని మాట రాలేదు. అక్క వీపు వంక చూసి, సర్లే అన్నట్టు నవ్వి ఊరుకుంది.

అమ్మగారు ఆ నవ్వు చూశారు. కళ్ళజోడు పైకి జరుపుకుని కనకవల్లితో అన్నారు:

“మంచిదమ్మా. ఆ పిల్లక్కూడా ఓ ఆకియ్యి.”